కన్నదెవరో, పెంచిందెవరో!

“ఇదేం కొత్త కథ! ఎప్పుడో వచ్చిందే!” – సినిమా అయిపోయి టీవీ కట్టేసిన మరుక్షణం ఈ మాట వినపడని ఇల్లు మనలో వుండదనుకుంటాను. కథలు రాసుకునేదాన్ని గనుక నాకిది మరీ అలవాటు. నవల అచ్చయిన ప్రతిసారీ ఎవరో ఒక మహాతల్లి అడుగుతూనే వుంటుంది, “ఈ కథ ఎక్కణ్ణుంచి తీశారండీ?” అని. బావిలోంచి నీళ్ళు తోడినట్టు కథల్ని కూడా ఎక్కణ్ణుంచో తోడుకొస్తామని ఆవిడ వుద్దేశం. అదీ నిజమే కాబోలు. కాకపోతే మా అనంతపురం సీమలో బావులెండిపోవడం చూశాను గాని, కథలెండిపోవడం ఇంతవరకూ చూడలేదు.

ఈ ప్రశ్న ఈమధ్య నన్ను మరీ పట్టుకుంది. కారణం మా మేనల్లుడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకొస్తే ఇంగ్లీషు సినిమాలు తప్ప చూడడు. వాడి పుణ్యాన ‘ప్రొమీథియస్’ చూశాను. 2012లో వచ్చింది, తీసినాయన రిడ్లీ స్కాట్. కథ టూకీగా ఇదీ: మనిషిని పుట్టించింది ఈ మట్టీ కాదు, బ్రహ్మదేవుడూ కాదు. నక్షత్రాల అవతల నుంచి వచ్చిన తెల్లటి మహాకాయులు. పాత గుహల్లో గీసిన బొమ్మలను బట్టి ఆ సంగతి పసిగట్టిన శాస్త్రజ్ఞులు, “మమ్మల్నెందుకు పుట్టించారు?” అని అడగడానికి ఓడ వేసుకుని బయల్దేరి, 2093లో అక్కడికి చేరతారు.

సినిమా అయ్యాక మావాడు పెదవి విరిచాడు. “వట్టి కాపీ అత్తా! ఈ కత ఎన్నితూర్లు తీసినారో లెక్కే లేదు” అన్నాడు. “యాడెక్కడ తీసినారో చెప్పురా, చూద్దాం” అన్నాను. కొన్ని వాడు చెప్పాడు, మిగిలినవి నేను వెతుక్కున్నాను. వంశవృక్షం నిజంగానే పెద్దది.

1936లోనే లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికా రచయిత నవల ఒకటి పత్రికలో వచ్చింది. దక్షిణ ధ్రువపు మంచులో, నక్షత్రాల నుంచి దిగివచ్చిన ప్రాణుల నగరం బయటపడుతుంది. భూమ్మీద జీవానికి మూలం వాళ్ళేనని తెలుస్తుంది. 1958 చివర బి.బి.సి. టెలివిజన్లో నైజెల్ నీల్ రాసిన ‘క్వాటర్‌మాస్ అండ్ ది పిట్’ ధారావాహికగా వచ్చి, 1967లో సినిమా అయింది. 1968లో స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ తీశాడు. సరిగ్గా ఆ యేడే ఎరిక్ ఫాన్ డానికెన్ అనే ఆయన, పూర్వులు దేవుళ్ళనుకున్నది పరలోకపు వ్యోమగాముల్నేనని పుస్తకం రాస్తే, 1970లో దాని మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది. 2000లో బ్రయన్ డి పామా ‘మిషన్ టు మార్స్’. ఆ తర్వాత ఈ ‘ప్రొమీథియస్’. లవ్‌క్రాఫ్ట్ నవలను తెరకెక్కించాలని ఏళ్ళ తరబడి కలగన్న గియెర్మో దెల్ తోరో అనే దర్శకుడు, ఈ సినిమా కథ వినగానే ఇక తన సినిమా పని అయిపోయినట్టేనని దిగులుపడ్డాడు పాపం.

సినిమావాళ్ళ సంగతి సరే, శాస్త్రజ్ఞులు మాత్రం వూరుకున్నారా? డి.ఎన్.ఏ. నిర్మాణం కనిపెట్టి నోబెల్ బహుమతి పంచుకున్న ఫ్రాన్సిస్ క్రిక్, 1973లో లెస్లీ ఆర్గెల్‌తో కలిసి ఒక వ్యాసం రాశాడు – జీవపు విత్తనాలను వేరే లోకపు నాగరికులెవరో కావాలనే భూమికి పంపి వుండవచ్చునా అని. అంత దూరమెందుకు, మన హైదరాబాదు నుంచే 2005లో పెద్ద బెలూను ఎగరేసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని పట్టుకొచ్చి పరీక్షించారు. జయంత్ నార్లీకర్ గారు ఆ ప్రయోగానికి పెద్ద. అందులో మూడు కొత్త రకాల బాక్టీరియా దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరూ, ఒకదానికి మన ఆర్యభటుడి పేరూ పెట్టారు. అవి పైలోకం నుంచి దిగినవేనని మాత్రం అనలేదు. ఆ సంగతి ఇంకా తేలలేదనే చెప్పారు. ఆ నిదానం నాకెంతో నచ్చింది.

చెప్పొచ్చేదేమంటే, ఈ ఆలోచనకు హక్కుదారంటూ ఎవరూ లేరు. కాపీ అనేది నేరమైతే అందరూ బోనెక్కాల్సిందే. అయినా చూసినప్పుడు అన్నీ ఒకేలా వున్నాయా అంటే, లేవు. ఒకటి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఇంకొకటి చూస్తూ చూస్తూనే పప్పులో రాళ్ళు ఏరుకున్నాను. తేడా ఎక్కడ వచ్చింది?

మా వేరుశనగ సంగతే చూడండి. అనంతపురం అనగానే దేశంలో ఎవరికైనా శనక్కాయ గుర్తొస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. అదీ పడాల్సినప్పుడు పడదు. అలాంటి నేలను ఇన్నాళ్ళు సాకిన ఈ పంట పుట్టిల్లు ఎక్కడనుకున్నారు? దక్షిణ అమెరికా. సముద్రాలు దాటి వచ్చిన పరాయి మొక్క! “ఇది మనది కాదు” అని మా రైతులెవరూ పారేయలేదు. ఒకే అంగట్లో ఒకేరోజు కొన్న విత్తనం, గట్టుకు ఇవతలి చేలో వూడలు దిగి కాయ పడుతుంది. అవతలి చేలో ఆకు మాత్రం మిగులుతుంది. విత్తనం ఎక్కడిదని అడిగితే ఈ తేడాకు జవాబు దొరకదు. ఎవరు ఎప్పుడు విత్తారు, ఎలా కాపాడుకున్నారు అని అడగాలి.

మా అమ్మ చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూడ్డానికి రాత్రంతా దుప్పటి కప్పుకుని కూచునేదట. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఆ కళకు పేరుపడ్డ వూరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. “రాముడు గెలుస్తాడని తెలిసీ తెల్లార్లూ ఏం చూసేదానివమ్మా?” అంటే, “కత అందరికీ తెలిసిందే గదమ్మే, ఈయప్ప ఎట్ల చెప్తాడో చూద్దామనే పోయేది” అంది. సాహిత్య విమర్శ మీద నేను కాలేజీలో చదివిన లావుపాటి పుస్తకాలన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరిగాయని ఇప్పుడనిపిస్తోంది.

మన ఆడవాళ్ళకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కృష్ణుణ్ణి కన్నది దేవకి. కాని వెన్నముద్దలు తినిపించిందీ, రోటికి కట్టేసిందీ, నోరు తెరిపించి చూసిందీ యశోద. పాటల్లో, ముగ్గుల్లో, బొమ్మల కొలువుల్లో ఎవరు ఎక్కువ కనిపిస్తారో మీకే తెలుసు. దేవకి చిన్నదని కాదు. కనడమూ పెంచడమూ రెండు వేరు వేరు పనులు. ఆలోచన పుట్టడం కనడం లాంటిది, ఆ ఆలోచనతో కథ చెప్పడం పెంచడం లాంటిది. వింతేమిటంటే, ఈ సినిమాల కథ కూడా అచ్చంగా ఇదే – మనిషిని కన్నదెవరు అని. ఆ ప్రశ్న వేసిన సినిమాలు తమ బిడ్డను ఎలా పెంచుకున్నాయో ఒక్కొక్కటే చూద్దాం.

‘2001’ మొదలయ్యేది కరువుతో. ఎండి బీటలు వారిన నేల. అందులో ఆకలిగొన్న కోతిమనుషులు. ఒక్క నీటిగుంట, దానికోసం రెండు గుంపుల కొట్లాట. మా సీమలో వేసవిలో ట్యాంకరు దగ్గర బిందె పట్టుకు నిలబడిన ఎవరికైనా ఈ ఘట్టం అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. అసలు మొదటి ఇరవై అయిదు నిమిషాలు ఆ సినిమాలో మాటే లేదు. ఒకరోజు తెల్లారేసరికి నున్నటి నల్లరాతి పలక ఒకటి నిలబడి వుంటుంది. భయం భయంగా ముట్టుకుంటారు. ఆ తర్వాత ఒకడికి ఎముకను ఆయుధం చేయొచ్చని తోస్తుంది. వేటాడి కడుపు నింపుకుంటాడు. ఆ ఎముకతోనే నీటి దగ్గర సాటివాణ్ణి చంపుతాడు. చంపి దాన్ని పైకి విసిరితే, మరుక్షణం తెరమీద అంతరిక్ష నౌక!

రాయిని పెట్టినవాళ్ళెవరో కుబ్రిక్ చివరిదాకా చూపించడు. రాయి ఏం నేర్పిందో కూడా చెప్పడు. అక్కడే వుంది ఆయన గొప్పతనం. పైనుంచి ఎవరో ఒక్క తోపు తోశారు, అంతే. ఎముక పట్టుకున్న చెయ్యి మాత్రం మనది. అన్నం సంపాదించినా మనమే, హత్య చేసినా మనమే. ఈ సినిమా మూలం కూడా ఆర్థర్ క్లార్క్ 1951లో అచ్చేసుకున్న చిన్న కథే. అందులో చంద్రుడి మీద ఎవరో వదిలిపెట్టిన వస్తువొకటి దొరుకుతుంది. ఆ గింజను ఇంత చెట్టు చేసింది దర్శకుడూ, మళ్ళీ ఆయనతో కూచుని రాసిన ఆ క్లార్కూ.

‘మిషన్ టు మార్స్’లో ఆలోచన కొంచెం కూడా తక్కువది కాదు. అంగారకుడి మీద ప్రళయం వస్తే, అక్కడివాళ్ళు పోతూ పోతూ జీవపు విత్తనాన్ని భూమి మీదికి పంపారట. పిల్లల్ని ఎక్కడో చోట బతకనీ అని చూసే తల్లిలాంటి ఆలోచన అది! కాని చెప్పడంలో ఏం చేశారు? చివర్లో గాజుబొమ్మలాంటి పరలోకవాసి ప్రత్యక్షమై, గ్రహాలన్నీ గాలిలో తిప్పి చూపించి, ఒక కన్నీటి చుక్క రాలుస్తుంది. చూసేవాళ్ళకు వూహించుకోవడానికి ఏమీ మిగల్చలేదు. సైన్సు మేష్టారు బల్బు వెలిగించి గ్రహణం పాఠం చెప్పినట్టుంది. ఏడవాల్సింది మనం గాని బొమ్మ కాదు గదా!

‘క్వాటర్‌మాస్’కు డబ్బు లేదు. సెట్టింగులు చూస్తే మన వూరి నాటకాల పరదాలు గుర్తొస్తాయి. లండన్లో భూగర్భ రైలు స్టేషను కోసం తవ్వుతుంటే పాత పుర్రెలూ, ఏదో వింత వాహనమూ బయటపడతాయి. అంగారకుడి ప్రాణులు లక్షల యేళ్ళ క్రితం మన పూర్వుల మెదళ్ళను మార్చారనీ, తమవాళ్ళు కానివాళ్ళను తుడిచిపెట్టాలనే వాళ్ళ కసి మన నెత్తుట్లో ఇంకా వుందనీ తేలుతుంది. ఆ కసి నిద్రలేచి లండన్ వీధుల్లో మామూలు మనుషులు ఒకర్నొకరు వేటాడుతుంటే, రంగు పరదాల సంగతి మనకు గుర్తుండదు. ఎందుకంటే మత కలహాల వార్తలు మనమూ చదివినవాళ్ళమే. ‘ఈ ద్వేషం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది, ఇక మనమేం చేస్తాం?’ అని ఆ సినిమా అడుగుతుంది. మూలం చెప్పి వూరుకోదు.

ఇక ‘ప్రొమీథియస్’. మొదటి అయిదు నిమిషాలు కళ్ళు తిప్పుకోలేం. హోరుమనే జలపాతం అంచున మహాకాయుడు నల్లటి ద్రవమేదో తాగి, ముక్కలై నీళ్ళలో కలిసిపోతాడు. ఆ ముక్కల్లోంచి జీవం. యజ్ఞంలో ఆహుతైన పురుషుడి కథ తెలిసిన మనకు అది మరీ తగులుతుంది. డేవిడ్ అనే మరమనిషి సంగతి కూడా చక్కగా కుదిరింది. “నన్నెందుకు చేశారు?” అంటే, “చేయగలిగాం కనుక చేశాం” అన్నట్టు చెబుతాడొక శాస్త్రజ్ఞుడు. మీ సృష్టికర్త కూడా మీకు అదే జవాబు చెబితే ఎలా వుంటుందని ఆ మరబొమ్మ నెమ్మదిగా తిరిగి అడుగుతుంది. ఆ ఒక్క సంభాషణ కోసం సినిమా చూడొచ్చు.

ఆ తర్వాత? అంత చదువుకున్నవాళ్ళు పరాయి లోకంలో అడుగుపెట్టగానే శిరస్త్రాణాలు తీసి పక్కన పెడతారు. పాములాంటి ప్రాణి పడగెత్తితే, జంతుశాస్త్రం చదివినాయన దాన్ని పిల్లిపిల్లలా లాలించబోతాడు. మా పల్లెలో అయిదేళ్ళ పిల్లవాడు కూడా ఆ పని చేయడు. ఇలా పాత్రల తెలివిని కథ అవసరానికి అమ్మేస్తే ఎంత పెద్ద ప్రశ్నయినా చిన్నబోతుంది. చివరకు సృష్టికర్త నిద్రలేచి, జవాబు చెప్పకుండా చంపడం మొదలుపెడతాడు. జవాబు లేకపోవడం తప్పు కాదు. ప్రశ్నను మధ్యలో వదిలేసి భయపెట్టే పనిలో పడడం తప్పు.

ఇక్కడ ఒక ఆడదానిగా నాకు తోచిన మాట చెప్పాలి. ఈ సినిమాలన్నిటిలో మనిషి పుట్టుక వుంది గాని, తల్లి ఎక్కడ? రాయి నేర్పుతుంది, ద్రవం పుట్టిస్తుంది, విత్తనం రాకెట్టులో వస్తుంది. పొత్తిళ్ళలో పెట్టుకుని పెంచినవాళ్ళు మాత్రం కనపడరు. ‘ప్రొమీథియస్’ ఒక్కటి తెలిసో తెలియకో ఆ గాయాన్ని ముట్టుకుంది. పిల్లలు పుట్టని నాయిక ఎలిజబెత్ షా కడుపులో పరాయి ప్రాణి పడుతుంది. ప్రాణం కాపాడుకోవడానికి ఆపరేషను చేసే యంత్రం దగ్గరికి పరుగెడితే, అది మగవాళ్ళకు మాత్రమే పనిచేసేలా తయారుచేసిన యంత్రం! పళ్ళ బిగువున దానికి తానే పని పురమాయించి, కడుపు కోయించుకుని లేచి నిలబడుతుంది. ఆ ఘట్టం ఏ పాత సినిమాకూ కాపీ కాదని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకుంటాను. కొత్తదనం ‘ఐడియా’లో రాలేదు, ఒక మనిషి బాధను దగ్గరగా నిలబడి చూడడంలో వచ్చింది.

మనవాళ్ళ సంగతికి వద్దాం. తెలుగు సినిమాలో ఈ విద్య క్షుణ్ణంగా తెలిసిన పెద్దమనిషి మా జిల్లావాడే. కదిరి వెంకటరెడ్డి గారు, అంటే కె.వి.రెడ్డి, 1912లో తాడిపత్రిలో పుట్టారు. 1957లో ఆయన ‘మాయాబజార్’ తీసేనాటికి ఆ కథ కొత్తదా? 1936లోనే తెలుగులో సినిమాగా వచ్చింది. సురభివారి నాటకంగా వూరూరా తెలిసినదే. వ్యాసభారతంలో శశిరేఖ పెళ్ళి కథ వెతికితే దొరకనే దొరకదు, అది జనం అల్లుకున్నది. ఎవరు కన్నారో తెలియని బిడ్డ అన్నమాట! దాన్ని రెడ్డిగారు ఎలా పెంచారో చెప్పాలంటే ఒక్క ఘట్టం చాలు. శశిరేఖ రూపంలో వున్న ఘటోత్కచుడిగా సావిత్రి నడక చూడండి. ఆడపిల్ల ఒంట్లోంచి రాక్షసుడు తొంగిచూసి, మళ్ళీ గభాల్న సిగ్గు తెచ్చుకుంటాడు. ట్రిక్కు ఫోటోగ్రఫీ ఒక్కటే అయితే ఈపాటికి పాతబడిపోయేది. ఆ నడక పాతబడలేదు. 2013లో సి.ఎన్.ఎన్-ఐ.బి.ఎన్. ఛానెల్ పెట్టిన ఓటింగులో భారతీయ చిత్రాలన్నిటిలోకీ మొదటి స్థానం దానికే వచ్చింది.

రెడ్డిగారి దగ్గర పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. కాలంలో ప్రయాణించే యంత్రం వెల్స్ 1895లోనే రాసిన నవలలోది. దాచుకోలేదు, వెల్స్ స్ఫూర్తేనని ఆయనే చెప్పుకున్నారు. కాని ఆ యంత్రాన్ని కృష్ణదేవరాయల కొలువు ముందు దింపి, తెనాలి రామకృష్ణుడితో మాట్లాడించడం వెల్స్‌కు తట్టేది కాదు గదా! పెనుకొండ కోట చూస్తూ పెరిగినవాళ్ళకు ఆ యంత్రం సొంత వూరికి బస్సెక్కినట్టే వుంటుంది.

2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏ.డి.’ వచ్చింది. దానికి సింగీతం గారు సలహాదారు. అంటే తాడిపత్రి పాఠం మూడో తరానికి చేరిందన్నమాట. వెంటనే “అది ఆ ఇంగ్లీషు సినిమా, ఇది ఈ ఇంగ్లీషు సినిమా” అని లెక్కలు తీశారు. బండ్లూ బట్టలూ చూస్తే ఆ పోలికలు నాకూ కనపడ్డాయి. హాస్యం కోసం సాగదీసిన భాగాలు నాకు విసుగనిపించాయి. అయితే గంగ ఎండిపోయిన కాశీ, వున్న సంపదంతా పీల్చుకుని పైన వేలాడే ‘కాంప్లెక్సు’, చావు లేక వేల యేళ్ళుగా ఒక గర్భం కోసం కాచుకుని వున్న అశ్వత్థామ – వీటిని ఏ ఇంగ్లీషు సినిమా ఇస్తుంది? భారతంలో గర్భంలోని శిశువును చంపబోయినవాడు, ఇక్కడ గర్భంలోని శిశువుకు కాపలా కాస్తాడు. పాత పాపానికి కొత్త ప్రాయశ్చిత్తం. ఆ ఒక్క మలుపు చాలు, పోలికల జాబితా చింపేయడానికి.

అలాగని ఎత్తుకొచ్చినదంతా ఒప్పే అనుకోకండి. యశోదను పొగిడే తొందరలో దేవకిని మరిచిపోకూడదు. సత్యజిత్ రాయ్ 1962లో పరలోకం నుంచి ఒక బెంగాలీ పల్లెకు దిగిన స్నేహశీలి గురించి కథ రాశారు. 1967లో దాన్ని ‘ది ఏలియన్’ అనే సినిమాగా తీయడానికి స్క్రిప్టు చేసుకున్నారు. హాలీవుడ్ కంపెనీతో మాటలు జరిగాయి, సినిమా మాత్రం జరగలేదు. ప్రతులు మాత్రం అక్కడ చేతులు మారాయి. 1982లో స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ వచ్చినప్పుడు, తన స్క్రిప్టు లేకపోతే అది వచ్చేది కాదని రాయ్ గారన్నారు. తనకేమీ సంబంధం లేదని స్పీల్‌బర్గ్ అన్నాడు. ఆ తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కాని ఒడిలో పెంచుకోవలసిన బిడ్డ వేరే ఇంట తిరుగుతున్నట్టు అనిపించిన ఆయన మనసు మాత్రం, రాసేదాన్ని గనుక, నాకు తెలుస్తుంది. సింగీతం గారిలా “ఇది ఫలానావారి విత్తనం” అని పేరు చెప్పుకుంటే పోయేదేముంది?

కథకు సొంతదారు ఎవరన్న తగువు కోర్టులో తేలుతుంది. అంతకంటే పెద్ద తగువు ఇంకొకటుంది, దానికోసమే ఇదంతా రాశాను. సినిమా “ఇలా అయ్యుంటే?” అంటుంది. డానికెన్ వంటి పుస్తకాలు “ఇలాగే అయింది” అంటాయి. రెండిటికీ నక్కకూ నాకలోకానికీ వున్నంత దూరం. మన విమానాల గ్రంథం సంగతి కూడా అంతే. ‘వైమానిక శాస్త్రం’ అనాదినాటిదని మురిసిపోతుంటే, 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు కూలంకషంగా చూసి, అది 1904 కంటే పాతది కాదనీ, అందులోని విమానాలు ఎగరవనీ తేల్చారు.

లేపాక్షి మాకు దగ్గర. 2022లో జిల్లాలు విడదీశాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గాని, మాకది ఎప్పుడూ మా వూరే. అక్కడ నేలకు ఆనీ ఆననట్టున్న స్తంభం కిందనుంచి గుడ్డ దూర్చి చూస్తారు. ఫోన్లలో తిరిగే వీడియోలు, మనుషులకిది సాధ్యమా, నక్షత్రాలవాళ్ళు కట్టి వుంటారు అంటాయి. నాకు ఒళ్ళు మండుతుంది. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. ఎండలో కూచుని వుళి పట్టినవాళ్ళు ఈ నేలవాళ్ళు. ఆ రాతి మీద చెక్కిన అంచులే మన పట్టుచీరల మీదికి దిగాయి. మగ్గం గుంటలో కూచున్న మనిషి కాళ్ళ నొప్పి ఏ గ్రహం వాళ్ళదో చెప్పమనండి! పెంచిన తల్లి చేతుల్లోంచి బిడ్డను లాక్కుని, చూడని దేవకికి కట్టబెట్టడం కాదూ ఇది?

బుక్కరాయసముద్రం చెరువు 14వ శతాబ్దంలో తవ్వించారు. కట్ట తెగినప్పుడు ఆ కట్టకు ప్రాణమిచ్చిందని చెప్పే కోడలు ముసలమ్మ కథతో సి.ఆర్.రెడ్డి గారు ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశారు. కథ ఆయన కల్పన కాదు, ఈ నేలది. తీర్చిదిద్దింది ఆయన. చెరువు తవ్వినవాళ్ళూ, కథ చెప్పుకున్నవాళ్ళూ, కావ్యం కట్టినాయనా అందరూ మనుషులే. కరువు నేలలో నీళ్ళు నిలిపిన తెలివి ఎక్కడో పైనుంచి వూడిపడింది కాదు. తరం తర్వాత తరం మట్టి మోసి నేర్చుకున్నది.

అందుకని ఈసారి అలాంటి సినిమా ఏదైనా చూస్తే, “ఇది ఎక్కడి కథ?” అన్న ప్రశ్న తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోండి. మనుషుల్ని మనుషుల్లా చూపించారా? చివరకు మన చేతుల్లో ఏమైనా మిగిల్చారా, అంతా పైవాళ్ళకే ఇచ్చేశారా? ఆ రెండిటికీ జవాబు బాగుంటే, కథ పదోసారి వచ్చినా ఫరవాలేదు. ఓపిక వుంటే సెలవుల్లో పిల్లలతో ముందు ‘2001’ చూసి, మర్నాడు ‘మాయాబజార్’ పెట్టండి. మొదటిది నెమ్మదిగా సాగుతుంది. మధ్యలో కాఫీ కలుపుకోవడానికి లేచినా ఏమీ పోదు. రెండోదానికి మాత్రం వంట ముందే చేసి పెట్టుకోండి. అందులో వివాహభోజనం చూస్తూ ఆకలితో కూచోవడం నావల్ల ఎప్పుడూ కాలేదు.